రసాయన శాస్త్రంలో తెలుగు వెలుగు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేసుకోవడం మంచి ఆనవాయితీ. ఈసారి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లలో చదువుకున్న మేము కొందరం కలిసి ఒక రసాయన శాస్త్రవేత్తను ఎంచుకున్నాం. అందుకు కారణం ఉన్నది. పదో తరగతి దాటిన పిల్లలను ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటారని అడిగితే, సైన్సు మీద ఇష్టం ఉన్నవాళ్లు కూడా కెమిస్ట్రీ పేరు చెప్పగానే వెనక్కి తగ్గుతున్నారు. సూత్రాలు, సమీకరణాలు, మూలకాల పట్టిక ఎవరి కోసమో రాసినట్టు అనిపిస్తాయి. పదో తరగతి ఒకసారి తప్పితే ఇక మన చదువు అయిపోయిందనుకొని సాంచాల మీదికో, బీడీల గంప దగ్గరికో, దుబాయి వీసా కోసమో పోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ రెండు భయాలకూ ఒకే మనిషి జీవితంలో జవాబు దొరుకుతుంది. ఆ మనిషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

మన చుట్టూ ఉన్న రసాయన శాస్త్రం

నేటి ఆధునిక జీవితంలో రసాయన శాస్త్రం లేని చోటు లేదంటే అతిశయోక్తి కాదు. పొద్దున లేచి పళ్లు తోముకునే పేస్టు, ఒంటికి రుద్దుకునే సబ్బు, నీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్, వంటగదిలోని గ్యాస్, పొలంలో చల్లే యూరియా అన్నీ రసాయనాలే. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పండించే ఇళ్ల పిల్లలకు ఒక సంగతి బాగా తెలుసు. పసుపు మరక పడిన అంగీకి సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారుతుంది. పసుపులో ఉన్న రంగు పదార్థం క్షారం తగలగానే రంగు మార్చుకుంటుంది. సబ్బు క్షారం, సున్నం కూడా క్షారమే. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసే మన అమ్మమ్మలు చేసింది కూడా రసాయన ప్రయోగమే. ల్యాబులో లిట్మస్ కాగితంతో మాస్టారు చూపించేది ఇదే.

సిరిసిల్లలో నూలుకు రంగు అద్దే చోట రంగు ఎంత, ఉప్పు ఎంత, సోడా ఎంత, నీళ్లు ఎంత వేడి అన్న లెక్క తప్పితే బట్ట రంగు తేలిపోతుంది. జగిత్యాల రైతు డీఏపీ బస్తా మీద 18, 46 అని చూసి కొంటాడు. ఆ 18 నత్రజని శాతం, 46 భాస్వరం లెక్క. ఆ భాస్వరమే అగ్గిపెట్టె పక్కన గరుకు పట్టీలో ఉన్నది, మన ఎముకల్లో ఉన్నది, మన నెత్తురులో ఉన్నది. సుబ్బారావు పేరు ప్రపంచానికి మొదట తెలిసింది ఈ భాస్వరం వల్లనే.

బాల్యం – మూడుసార్లు రాసిన పరీక్ష

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడై ఆ ఉద్యోగం కూడా నిలవకపోవడంతో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ అయిన ఇల్లు అది. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద పెద్దగా ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి వెళ్లిపోయాడని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది.

ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ అంటే ఇప్పటి పదో తరగతి వంటిది. సుబ్బారావు ఆ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు. రెండుసార్లు తప్పిన ఆ పిల్లవాడే తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నాడు. ఫలితాల రోజు నెంబరు కనబడక మూలకు కూర్చున్న తమ్ముడు, చెల్లె ఎవరైనా ఉంటే ఈ ఒక్క మాట వాళ్లకు తప్పకుండా చెప్పండి.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. సుబ్బారావుది బ్రాహ్మణ కుటుంబం. ఆయనకు పేదరికం అడ్డం వచ్చింది గాని బడి గడప ముందు కులం అడ్డం రాలేదు. మనలో చాలామంది తాతలకు, తండ్రులకు రెండూ అడ్డం వచ్చాయి. అందుకే మన కష్టం, ఆయన కష్టం ఒక్కటే అని మేము అనడం లేదు. అయితే ఆయనకు లేనిది మనకు ఒకటి ఉన్నది. హాస్టలు ఉన్నది, స్కాలర్‌షిప్ ఉన్నది, రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉన్నది. వాటిని వాడుకోవడమే మన వంతు.

మద్రాసు వైద్య విద్య

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు సుబ్బారావు మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠంలోని పెద్దలు కూడా వైద్యం చదివి రోగులకు సేవ చేయమని సలహా ఇచ్చారు. అట్లా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చుకు సాయం చేశారు.

అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు కాలేజీకి ఖద్దరు వేసుకొని వెళ్లాడు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఆయనకు ఎంబీబీఎస్ పట్టా ఇవ్వలేదు. దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సేవలో చేరే ప్రయత్నం ఫలించలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరాడు.

ఆ కాలంలోనే ఇంట్లో పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు తగ్గవు, నెత్తురు పలుచబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డాడు. తాను డాక్టరై ఉండి కూడా సోదరులను కాపాడుకోలేకపోయాడు. ఆ జబ్బుకు మందు ఏమిటో ఆనాడు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను సముద్రం దాటించింది.

అమెరికాలో తొలి రోజులు

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి నుంచి కొంత, మామగారి నుంచి కొంత డబ్బు తీసుకొని సుబ్బారావు 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1913లో, మన బాబాసాహెబ్ అంబేద్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. సుబ్బారావుకు అట్లాంటి స్కాలర్‌షిప్ లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, తిండికి, గదికి రాత్రిపూట ఆసుపత్రిలో పనికి కుదిరారు. అక్కడ ఆయన పని రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం. మద్రాసులో డాక్టరు పట్టా తీసుకున్న మనిషి బోస్టన్‌లో ఈ పని చేశాడు. ఆ పనిని చిన్నతనంగా చూడలేదు, అక్కడే ఆగిపోనూ లేదు.

అమెరికాలో ఆనాటి పరిస్థితి కూడా మనవాళ్లకు అనుకూలంగా లేదు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని ఆ దేశపు సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే నడిచింది. అంటే సుబ్బారావు అక్కడ పనిచేసిన కాలంలో చాలా భాగం పరాయివాడిగానే ఉన్నారు. అవకాశం వచ్చిన తర్వాత కూడా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. భారతీయుడిగానే బతికి భారతీయుడిగానే చనిపోయారు.

నీలి రంగు చెప్పిన లెక్క

డిప్లొమా తర్వాత సుబ్బారావు హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతి అప్పట్లో లేదు. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. దానినే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు.

దీనిని సిరిసిల్ల అద్దకం పని తెలిసినవారు వెంటనే పట్టుకుంటారు. నెత్తురు నుంచి మాంసకృత్తులు తీసేసి మిగిలిన ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. అందులోని భాస్వరం మాలిబ్డినంతో కలిసి ఒక సమ్మేళనం అవుతుంది. దానికి మరొక రసాయనం చేర్చితే ద్రవం నీలి రంగుకు తిరుగుతుంది. భాస్వరం ఎక్కువ ఉంటే రంగు ముదురు, తక్కువ ఉంటే లేత. ఆ రంగును తెలిసిన కొలత ఉన్న మరొక ద్రవం రంగుతో పోల్చి చూస్తే భాస్వరం ఎంతో లెక్క తేలుతుంది. రంగు చూసి పాలు చెప్పే అద్దకం మేస్త్రీ చేసే పని కూడా దాదాపు ఇదే. ఎముకల జబ్బులు, మూత్రపిండాల జబ్బులు గుర్తించడానికి ఈ కొలత అవసరం. బయోకెమిస్ట్రీ చదివే ఏ విద్యార్థి అయినా ఇవాళ్టికీ ఈ పేరు తన రికార్డు పుస్తకంలో రాయవలసిందే. ఒక తెలుగువాని ఇంటిపేరు కాదు, సొంత పేరే ప్రపంచమంతా ప్రయోగశాలల్లో నిలిచిపోయింది.

ఒంటిలో శక్తి ఎక్కడిది?

ఈ కొలత చేతికి రాగానే ఇద్దరూ కండరాల వైపు చూశారు. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారు కావడం వల్ల వస్తుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. కండరాల మీద ఆ దారిలో చేసిన పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కాని కండరంలో భాస్వరం ఉన్న ఒక పదార్థం పని చేసినప్పుడు తరిగి, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ పెరగడం సుబ్బారావు, ఫిస్కే గమనించారు. అది ఫాస్ఫోక్రియాటిన్. ఈ సంగతి 1927లో బయటపెట్టారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే మన పాఠ్యపుస్తకంలో ఏటీపీ అని చదువుకునే పదార్థాన్ని వేరు చేసి చూపారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. ఎవరి పని వారిదే.

ఏటీపీ అంటే ఒంటిలోని చిల్లర డబ్బు అనుకోండి. మనం తిన్న అన్నం, పప్పు పెద్ద నోటు వంటివి. పెద్ద నోటు పట్టుకొని బస్సెక్కితే కండక్టరు చిల్లర అడుగుతాడు. అట్లాగే ఒంటిలోని ప్రతి కణం తిండిని మొదట ఏటీపీగా మార్చుకొని ఖర్చు పెడుతుంది. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు గొలుసులా ఉంటాయి. చివరిది ఊడినప్పుడు వెలువడే శక్తితోనే గుండె కొట్టుకుంటుంది, కాలు కదులుతుంది, మెదడు ఆలోచిస్తుంది. కబడ్డీలో కూతకు పోయి ఒక్క ఉదుటున వెనక్కి దూకే ఆ కొద్ది సెకన్లలో ఏటీపీని వెంటవెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటినే. ఆటల పోటీల్లో బహుమతి తెచ్చిన మన పిల్లల కాళ్లలో ఉన్నది కూడా ఈ రసాయన శాస్త్రమే.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. అక్కడ ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడలేదని, తర్వాత ఇతరులు దానిని మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని ఆయన సహాధ్యాయి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. పని చేసినవాడికి పేరు దక్కకపోవడం ఎట్లా ఉంటుందో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు. సుబ్బారావు మాత్రం ఆ బాధ మోస్తూ కూర్చోలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడి నుంచి మరణించేదాకా ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన బృందాలు ఇచ్చిన మందులు ఇవాళ మన ఊరి మందుల దుకాణంలో కూడా ఉన్నాయి.

ఆకులోని మందు – ఫోలికామ్లం

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు నెత్తురు పలుచబడి చనిపోతున్నారు. వాళ్ల తిండిలో ఏదో లోపం ఉన్నదని ఆమె గుర్తించి, ఈస్ట్ సారం ఇస్తే కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. మన సిరిసిల్ల నుంచి బతుకుదెరువు కోసం బొంబాయి, భివండి పోయిన కుటుంబాలు ఎన్నో. అట్లాంటి మిల్లు బతుకుల్లో మొదలైన కథ ఇది. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థం ఏమిటో అప్పుడు తెలియలేదు. 1941లో అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నుంచి కొద్దిగా తీశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలికామ్లం అని పేరు పెట్టారు.

ఆకుల నుంచి తీస్తే ప్రపంచానికి ఎప్పటికీ సరిపోదు. ప్రయోగశాలలో తయారు చేయాలి. సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ బృందం 1945లో ఆ పని సాధించింది. త్వరలోనే వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రోగులు కోలుకున్నారు. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు దొరికింది. వాళ్లు పోయిన ఇరవై ఏళ్లకు పైగా తర్వాత దొరికింది.

మన హాస్టళ్లలో, బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్ర గురించి ఇక్కడే చెప్పాలి. అందులో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలికామ్లమే. కొందరు పిల్లలు దానిని నాలుక కింద దాచి బయటికి పోయి ఉమ్మేస్తున్నారని వార్డెన్లు చెబుతున్నారు. కడుపులో తిప్పుతుందని భయం. అన్నం తిన్న తర్వాత వేసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. నెత్తురు తక్కువైన పిల్లకు చదివింది తలకెక్కదు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చెల్లెళ్లకు మరీ ముఖ్యం. గర్భం దాల్చకముందు నుంచే ఫోలికామ్లం సరిపడా ఉంటే పుట్టే బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా చాలావరకు కాపాడవచ్చునని 1991లో ప్రకటించిన పరిశోధనలో రుజువైంది. పాలకూర, తోటకూర, పెసర్లు, శనగల్లో కూడా ఇది దొరుకుతుంది.

దొంగ తాళంచెవి – క్యాన్సర్ మీద పోరు

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లలు ఆయన కళ్ల ముందే వారాల్లో చనిపోయేవారు. ఫోలికామ్లం ఇస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్టు ఆయన గమనించారు. అంటే క్యాన్సర్ కణాలు పెరగడానికి కూడా ఫోలికామ్లం కావాలన్నమాట. మరి దానిని వాటికి అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఫోలికామ్లం లాగానే కనిపించే, కాని దాని పని చేయని పదార్థాలు తయారు చేసి ఇచ్చింది. తాళంలో దూరుతుంది గాని తిరగదు, అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. అట్లాంటి దొంగ తాళంచెవి అమినోప్టెరిన్. 1947 చివరలో ఫార్బర్ దానిని వాడడం మొదలుపెట్టారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. మళ్లీ తిరగబెట్టింది, నిజమే. కాని మందుతో నెత్తురు క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చునని ప్రపంచం మొదటిసారి చూసింది.

దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. పిల్లల నెత్తురు క్యాన్సర్‌కు ఇతర మందులతో కలిపి ఇవాళ కూడా వాడుతున్నారు. మంచి చికిత్స సకాలంలో అందితే ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు. కీళ్లవాతానికి కూడా ఇదే మందును తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి ఇస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే చీటీ చదివి చెప్పే బాధ్యత చదువుకున్న మీదే. వారానికి ఒకసారి వేసుకోవలసింది రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

బోదకాలు బిళ్ల

బోదకాలు గురించి మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ప్రతి ఊరిలో ఒకరో ఇద్దరో కాలు బరువుతో గడప దాటలేక కూర్చున్నవాళ్లు ఉన్నారు. పెళ్లిళ్లకు పోరు, చెప్పులు పట్టవు, పది మందిలో కాలు ముందుకు పెట్టరు. ఇది శాపం కాదు, పాపం కాదు. మురుగునీళ్లలో పెరిగే దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే సన్నని పురుగుల వల్ల వచ్చే జబ్బు. వాటి పిల్లలు రాత్రిపూటే నెత్తురులో ఎక్కువగా తిరుగుతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ వచ్చి వేలికొసన నెత్తురు చుక్క తీసుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులకు కూడా ఈ జబ్బు సోకింది. మందు కోసం వెతికిన సుబ్బారావు బృందం 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ను ప్రకటించింది. హెట్రజాన్ పేరుతో అది బజారులోకి వచ్చింది. మన ఊళ్లలో డీఈసీ మాత్ర అంటే ఇదే. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు ఇచ్చే కార్యక్రమం 2004 నుంచి పెద్ద ఎత్తున నడిచింది. తర్వాత పురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా దానికి తోడైంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. మిగిలినవారందరూ వేసుకుంటేనే ఊరిలో పురుగు ఆగుతుంది. బాగున్న మాకు మాత్ర ఎందుకని చాలామంది జేబులో వేసుకొని పోతారు. జబ్బు బయటపడేది ఏళ్ల తర్వాత. ఒకసారి కాలు బాగా వాచి గట్టిపడిందంటే ఈ మాత్ర దానిని మామూలు కాలు చేయలేదు. ముందే వేసుకోవాలి.

మట్టిలోని బంగారం

పెర్ల్ రివర్‌లో సుబ్బారావు పిలిచి పెట్టుకున్నవారిలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒకరు. అప్పటికే ఆయన ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడు. దేశదేశాల మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పరీక్షించారు. ఒక పొలం మట్టిలో బంగారు వన్నె సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన మందుకు ఆ రంగును బట్టి ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948లో లోకానికి చూపారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఇదే. 1994లో సూరత్‌లో ప్లేగు భయం కమ్మినప్పుడు జనం బారులు తీరి తీసుకున్న మాత్రలు ఈ జాతివే. అయితే ఇట్లాంటి మందులను డాక్టరు చెప్పనిదే వేసుకోవడం, సగంలో ఆపేయడం మంచిది కాదు. సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడితే రేపు అదే మందు పనిచేయదు.

ఇంటివైపు చూస్తే

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ముగించడం మాకు ఇష్టం లేదు. సుబ్బారావు అమెరికా పోయేటప్పుడు కొన్నేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి పోయారు. ఆయన పోయిన తర్వాత కొడుకు పుట్టాడు, పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. ఉత్తరాలు వచ్చేవి, మనిషి రాలేదు. శేషగిరి గారు ఇరవై ఆరేళ్లు ఎదురుచూశారు. చివరికి వచ్చింది మరణవార్త. లోకంలో కోట్లాది ఇళ్లలో వెలిగిన దీపానికి ఒక ఇంట్లో చీకటి మిగిలింది. గల్ఫ్ దేశాల్లో తండ్రి ఉండి, ఫోనులో గొంతు మాత్రమే విని పెరిగిన పిల్లలు మన హాస్టళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి మాకంటే బాగా అర్థమవుతుంది. ఆయన గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు ఆ తల్లి పేరు కూడా కలిపి చెప్పడం న్యాయమని మా అభిప్రాయం.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. అప్పటికి ఆరియోమైసిన్ లోకానికి పరిచయమై కొన్ని వారాలే. నోబెల్ బహుమతి రాలేదు. ప్రచారానికి ఆయన ఎప్పుడూ ముందుకు రాలేదు. తన బృందంలోని వారి పేర్లనే ముందు ఉంచేవారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఇవాళ్టికీ ఆయన మందు వాడుతున్నవారిలో నూటికి తొంభై మందికి ఆయన పేరు తెలియదని చెప్పినా తప్పుండదేమో.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా, ఈ జీవితం నుంచి మేము మూడు సంగతులు గ్రహించాం.

మొదటిది, పరీక్ష తప్పడం జీవితం తప్పడం కాదు. రెండుసార్లు తప్పినా మూడోసారి రాసే ధైర్యం కావాలి. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరు తేదీ దాటనివ్వకండి. చేతిలో డబ్బు లేకపోతే పాత విద్యార్థులను అడగడానికి సిగ్గుపడకండి. అందుకే మేమున్నాం.

రెండోది, ఏ పనీ చిన్నది కాదు, కాని దానిలోనే ఆగిపోవద్దు. సెలవుల్లో సాంచ నడిపినా, బీడీలు చుట్టినా, వరి నాటుకు పోయినా పుస్తకం మూయవద్దు.

మూడోది, రసాయన శాస్త్రం ఎవరి సొత్తూ కాదు. మీ అమ్మ చేతి పసుపులో ఉన్నది, నాయన మోసే డీఏపీ బస్తాలో ఉన్నది, అన్న అద్దే రంగులో ఉన్నది, వారానికోసారి మీ అరచేతిలో పెట్టే నీలం మాత్రలో ఉన్నది. చేతిలో ఉన్నదాని పేరు తెలుసుకోవడమే చదువు. వచ్చే ఏడాది మన హాస్టళ్ల నుంచి ఇంటర్‌లో సైన్సు గ్రూపు తీసుకునే వారి సంఖ్య పెరగాలి. అందులో ఆడపిల్లలు సగం ఉండాలి. ల్యాబులో మొదటిసారి పరీక్షనాళిక పట్టుకున్నప్పుడు చేయి వణికితే వణకనీయండి. బోస్టన్‌లో రాత్రంతా ఆసుపత్రి పాత్రలు కడిగి పొద్దున పుస్తకం పట్టుకున్న ఒక తెలుగువాని చేయి కూడా అట్లాగే మొదలైంది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్ల పాత విద్యార్థులం